పాత బుల్లెట్ 350కి అమలా, మిక్‌కార్బా, 28 ఎంఎందా: ఏది మేలు?

కాస్ట్ ఐరన్ ఇంజిన్ బుల్లెట్ 350 చేతికొచ్చాక అందరూ అడిగేది ఒకటే, ఏ కార్బరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది) పెట్టమంటారు అని. అంతకన్నా ముందు ఉన్నదేంటో చూసుకోండి, ఆ బండి ఇప్పటికి ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏది తగిలించారో ఎవరికెరుక. బాడీ పక్కన పెట్రోల్ గుడ్డతో జిడ్డు తుడిచి టార్చ్ వేస్తే నంబర్ కనబడుద్ది. 376 అని ఉండి గీత తర్వాత ఇంకో నంబర్ ఉంటే అమల్ మోనోబ్లాక్. 376లోనే 15/16, 1, 1 1/16 అంగుళాల బోర్లు (గాలి పోయే రంధ్రం సైజులు) ఉన్నాయి కాబట్టి వెర్నియర్ పెట్టి కొలవాల్సిందే. తర్వాత వచ్చిన బళ్లకి మిక్‌కార్బ్ విఎం24, అంటే 24 ఎంఎం, ఇంచుమించు ఆ 15/16 అంగుళమే.

షోకి, ఒరిజినాలిటీకి అయితే అమలే, ఆ టిక్లర్ బటన్ నొక్కి పెట్రోల్ చుక్క కారాక కిక్ కొట్టే సరదా వేరు. కాకపోతే బాడీ, స్లైడ్ (థ్రాటిల్ తిప్పితే లోపల పైకి లేచే ముక్క) రెండూ జింక్ అల్లాయ్ కావడంతో ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. స్లైడ్‌ని బోర్‌లో ఊపి చూడండి, లొడలొడ ఆడుతుంటే సందుల్లోంచి గాలి లాగుద్ది, ఐడ్లింగ్ ఏ రోజుకారోజు మారిపోద్ది, ఇక జెట్లు (పెట్రోల్ పారే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కలు) ఎన్ని మార్చినా దండగ. బాడీకి స్లీవ్ వేయించే ఓపిక లేకపోతే వదిలేయండి.

28 ఎంఎం కార్బరేటర్ మాత్రం నాకు అస్సలు నచ్చదు. అది బుల్లెట్ 500 సైజు. 18 హార్స్‌పవర్ ఇంజిన్‌కి నోరు పెద్దది చేస్తే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోయి పెట్రోల్ సరిగ్గా చిలకదు, ట్రాఫిక్‌లో పికప్ చచ్చిపోద్ది, అసలు బుల్లెట్ కొనేదే ఆ కింది లాగుడు కోసం కదా.

రోజూ తిరిగేవాళ్లకి విఎం24 చాలు, చోక్ లివర్ ఉంది, సామాన్లు దొరుకుతాయి, ఏ మెకానిక్‌కైనా చేయి తిరిగిందే. జెట్ నంబర్లు మాత్రం అమల్ నుంచి చూసి దీనికి పెట్టకండి. అమల్ నంబర్ నిమిషానికి ఎన్ని సీసీ పారుద్దో చెప్పేది, మిక్‌కార్బ్‌కి మూలమైన మికునిలో కొన్ని రకాలకి అది రంధ్రం కొలత. ఇంకోటి, జెట్‌లో తీగ పెట్టి గుచ్చనివ్వకండి, ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదయ్యాక పైన 90 అని ఉన్నా అది 90 కాదు.

సెట్టింగ్ మెయిన్ జెట్ నుంచి మొదలెట్టండి. ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో ఉండి కాస్త వదిలినప్పుడు బండి ఇంకా లాగిందంటే జెట్ చిన్నది, ఒక సైజు పెంచండి. పావు నుంచి ముప్పావు థ్రాటిల్ దాకా నీడిల్ (స్లైడ్‌కి వేలాడే సూది) రాజ్యం, దాని క్లిప్ పై గాడికి వెళ్తే నీడిల్ కిందికి దిగి మిక్స్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అవుద్ది. ఐడ్లింగ్ చివర్లో, ఇంజిన్ వేడెక్కాక. ఎయిర్ స్క్రూ విప్పేకొద్దీ లీన్, పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్లు విప్పి అక్కణ్ణుంచి వెతుక్కోండి.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అదీ లెక్కలోకి తీసుకోవాలి. మామూలు పెట్రోల్‌కి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి చాలు, ఇథనాల్‌కి 9 చుట్టూ. అదే జెట్‌తో ఈ20 పోస్తే మిక్స్చర్ లీన్ అయి ఇంజిన్ వేడెక్కుద్ది, కాబట్టి మాన్యువల్లో నంబర్ కంటే ఒకటి రెండు సైజుల పై జెట్లు కూడా కొని దగ్గర పెట్టుకోండి, ప్లగ్ తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తుంటే మార్చండి.