నాలుగు అక్షరాల ఇంటిపేరు: ట్యాక్స్ ట్రాన్స్‌క్రిప్ట్‌తో పద్నాలుగు నెలలు

మా అక్కకి మూడు పేర్లున్నాయి. చెన్నైలో బడిలో వేసినప్పుడు ఇక్కడి పద్ధతిలో పేరు ముందు ఒక ఇనిషియల్ తగిలించారు. పాస్‌పోర్టు దగ్గర ఆ ఇనిషియల్ విప్పి రాయమన్నారు. విప్పితే అందులోంచి నాన్న పేరు బయటికొచ్చి అక్కకి ఇంటిపేరై కూర్చుంది. పెళ్ళి సర్టిఫికెట్లో మాత్రం మా తాత నెల్లూరు నుంచి మద్రాసుకి మోసుకొచ్చిన అసలు ఇంటిపేరుంది. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడు ఆ రెండూ వదిలేసి బావ ఇంటిపేరు పెట్టుకుంది. ఆ బావ ఇంటిపేరైనా కుదురుగా ఉందా అంటే, ఆయన కాగితాల్లో ఇంగ్లీషు స్పెల్లింగు చివర ఒక 'ఏ', అక్క కాగితాల్లో రెండు.

కాబట్టి అమ్మానాన్నల గ్రీన్‌కార్డుకి ఐ-864 (అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, అంటే వచ్చేవాళ్ళని నా ఆదాయంతో పోషిస్తానని స్పాన్సర్ రాసిచ్చే హామీ ఫారం), దాని వెనక పెట్టాల్సిన ఆదాయం రుజువులు సిద్ధం చేసే పని నా నెత్తిన పడ్డప్పుడు నాకు డబ్బు లెక్క గురించి బెంగ లేదు. నేను అంబత్తూరులో ఒక విడిభాగాల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, లెక్కలకి భయపడను. నా టెన్షనంతా పేర్లది.

2024 మే నెలలో ఒక రాత్రి అక్క అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లోకి వెళ్ళి, సెల్ఫీ దిగి, తను తనేనని ఒప్పించుకుని, 2023 సంవత్సరం ట్యాక్స్ రిటర్న్ ట్రాన్స్‌క్రిప్ట్ (రిటర్న్‌లోని అంకెలతో ఆ శాఖే ఇచ్చే సారాంశం) దించి వాట్సాప్‌లో పంపింది. తెరిచి చూశాను. ఇంటిపేరు ఉండాల్సిన చోట నాలుగే అక్షరాలున్నాయి. ఫైలు పాడైందేమో అనుకుని మళ్ళీ పంపమన్నాను. మళ్ళీ నాలుగే. తర్వాత తెలిసింది, 2018 నుంచి దాని రూపమే అంత. ఎవరైనా కాజేసినా పనికిరాకుండా ఇంటిపేరులో మొదటి నాలుగు అక్షరాలు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, ఇంటి నంబరుతో కలిపి వీధి చిరునామాలో మొదటి ఆరు అక్షరాలు మాత్రమే చూపిస్తారు. డబ్బు అంకెలు మాత్రం ఒక్కటీ దాచరు. బావ ఇంటిపేరులో గొడవంతా చివరి అక్షరాల్లోనే. మొదటి నాలుగూ ఎవరు రాసినా ఒకటే. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే నవ్వుతారు గానీ, అమ్మని నిద్రలేపి చెప్పాను.

ఐ-864లో స్పాన్సర్ ఆదాయం, ఇంట్లో అంతమందికి అమెరికా ప్రభుత్వం కట్టిన పేదరికపు గీతకి 125 శాతమైనా ఉండాలి. మా లెక్క వరకు చెప్తాను. అక్క, బావ, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న, వెరసి ఆరుగురు. 2024లో ఆరుగురికి కావాల్సింది 52,450 డాలర్లు. అక్క ఒక్కదాని జీతమే దానికి బాగా పైన ఉంది. తల్లికి వేరే పిటిషన్, తండ్రికి వేరే పిటిషన్ కాబట్టి ఫారాలు రెండు, వెనక కాగితాలూ రెండు సెట్లు. అంతే.

ట్రాన్స్‌క్రిప్ట్ విలువ నాకు అంతగా తెలిసిరావడానికి ఇంకో కారణం, అంతకు నెల ముందు కలిసిన ఒక కన్సల్టెంట్. 18,000 రూపాయలు అడిగాడు. నాన్న ఆస్తుల మీద ఆడిటర్ చేత నెట్‌వర్త్ సర్టిఫికెట్, కొళత్తూరులో మా ఇంటికి ఇంజనీరు చేత వాల్యుయేషన్, స్టాంపు పేపరు మీద నోటరీ సంతకం కావాలన్నాడు. పేరులోనే అఫిడవిట్ ఉంది కదా సార్, నోటరీ లేకుండా ఎలా అని ఎదురు ప్రశ్న. నాన్న సగం ఒప్పేసుకున్నారు కూడా. నిజానికి ఐ-864కి నోటరీ అక్కర్లేదు, స్పాన్సర్ సంతకం చేస్తే చాలు. ఇంటి విలువ కావాల్సింది జీతం చాలనివాళ్ళకి, అదీ మా లాంటి తల్లిదండ్రుల కేసులో తగ్గిన మొత్తానికి అయిదింతలు చూపించాలి. మాకు తగ్గిందే లేదు. ఆ 18,000 మిగిలాయి.

ఇక నా పొగడ్త ఎంత దూరం వెళ్ళిందంటే, ఆఫీసులో అమెరికా కాగితాల ఊసెత్తిన ప్రతివాడికీ ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించుకో, మిగతావన్నీ పారేయ్ అని చెప్పేవాణ్ణి. అక్క పూర్తి రిటర్న్ అచ్చుతీస్తే నలభై పైచిలుకు పేజీలు. దానికి డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం కాగితాలు), 1099లు (జీతం కాని ఆదాయాలవి) అన్నీ జతచేయాలి. ట్రాన్స్‌క్రిప్ట్ ఇస్తే ఆ జతలు అక్కర్లేదని ఫారం సూచనల్లోనే ఉంది.

ఆ వాక్యానికి ఒక తోక ఉంది. ఉమ్మడి రిటర్న్ వేసి, మీ ఒక్కరి ఆదాయం మీదే అర్హత చూపిస్తుంటే డబ్ల్యూ-2 పెట్టాలి అని. ఆ తోక నేను చదవలేదని అబద్ధం చెప్పను. చదివాను. చదివి, ఇది మనకి కాదులే అనుకున్నాను. మన దగ్గర మొగుడూ పెళ్ళాం ఎవరి పాన్ కార్డు వాళ్ళది, ఎవరి ఫారం 16 వాళ్ళది, ఎవరి రిటర్న్ వాళ్ళది. ఇరవై ఏళ్ళుగా జనానికి రిటర్న్‌లు వేసిపెడుతున్నా, ఇద్దరు కలిసి ఒకే రిటర్న్ వేయడం అనేది నా బుర్రలో ఒక ఊహగా కూడా లేదు. ట్రాన్స్‌క్రిప్ట్ పైభాగంలో రెండు సోషల్ సెక్యూరిటీ నంబర్ల చివరి అంకెలు ఉన్నాయి. ఉమ్మడి అని స్పష్టంగా రాసే ఉంది. నాలుగు అక్షరాల ఇంటిపేరు చూసి మురిసిపోతున్న మనిషికి దాని కింది గీత కనపడలేదు.

జీతాలు అన్నచోట అక్కది, బావది కలిపి ఒకే అంకె ఉంటుంది. ఏది ఎవరిదో విడగొట్టి చెప్పే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు. మేమేమో ఫారంలో అక్క జీతం ఒక్కటే రాశాం. రెండు సెట్లూ ఎక్కించి, ఎన్‌వీసీ (వీసా కాగితాలు పరిశీలించే అమెరికా ఆఫీసు) నుంచి ఒప్పుకున్నామన్న కబురు వస్తుందని రోజూ పొద్దున్నే ఫోను చూసుకున్నాను. ఆగస్టులో వచ్చింది. అక్క డబ్ల్యూ-2లు పెట్టండి, లేదా భర్త ఆదాయం కూడా చూపిస్తే ఆయన చేత ఐ-864ఏ సంతకం పెట్టించండి, ఇదీ సారాంశం. వాళ్ళ తప్పేమీ లేదు. తోక చదివి వదిలేసింది నేను.

ఐ-864ఏ అంటే నా ఆదాయం కూడా ఈ హామీకి తోడు అని ఇంట్లోవాళ్ళు రాసిచ్చే ఫారం, ఇద్దరి సంతకాలు, అరగంట పని. బావ చాలా మంచివాడు, అడిగితే భోజనం మధ్యలో లేచి సంతకం పెట్టేవాడు. కానీ అక్క ఒప్పుకోలేదు. "ఒరేయ్, మా అమ్మానాన్నల్ని చూసుకోడానికి నా జీతం చాలదా? ఆయన సంతకం దేనికి?" అంది. ఆ సంతకం వెనక ఉన్న బాధ్యత చిన్నది కాదు. వచ్చినవాళ్ళు అక్కడి పౌరులయ్యేదాకా, లేదా నలభై క్వార్టర్ల పని (దాదాపు పదేళ్ళది) వాళ్ళ ఖాతాలో చేరేదాకా ఉంటుంది. స్పాన్సర్ విడాకులు తీసుకున్నా పోదు. ఆ చివరి ముక్క అక్కకి చదివి వినిపించలేదు నేను.

సరే, డబ్ల్యూ-2లే పెడదాం అనుకున్నాం. ఇక్కడ మొదలైంది అసలు సంబరం. 2023 మధ్యలో అక్క ఉద్యోగం మారింది, కాబట్టి రెండు కంపెనీలు, రెండు డబ్ల్యూ-2లు. కొత్త కంపెనీది ఐదు నిమిషాల్లో దొరికింది. పాత కంపెనీ జీతాల పోర్టల్లో అక్క ఖాతా మూసేశారు. రిటర్న్ వేసినప్పుడు దించిన కాపీ ఎక్కడో ఉండాలి, పాత ల్యాప్‌టాప్‌లో, ఆ ల్యాప్‌టాప్ పిల్లల ఆటలకి బలైపోయింది. కంపెనీకి మెయిలు మీద మెయిలు. మూడు వారాలు.

ఆ మూడు వారాల్లో ట్రాన్స్‌క్రిప్ట్ మళ్ళీ కొంత పరువు నిలబెట్టుకుందనే చెప్పాలి. అదే ఐఆర్ఎస్ ఖాతాలో వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్స్‌క్రిప్ట్ అని ఇంకొకటి ఉంది. కంపెనీలు పంపిన డబ్ల్యూ-2 వివరాలు అందులో కంపెనీవారీగా, మనిషివారీగా ఉంటాయి. మన 26ఏఎస్ (మన పేరు మీద ఎవరెంత పన్ను కోసి కట్టారో చూపించే కాగితం) చూడ్డం అలవాటైనవాళ్ళకి పాత స్నేహితుణ్ణి చూసినట్టుంటుంది. అక్క రెండు జీతాలు కూడి, ఫారంలో మేం రాసిన అంకెలు సరిగ్గానే ఉన్నాయని ధైర్యం తెచ్చుకున్నాం. దీన్నే ఎక్కించేద్దామని నేను. అడిగింది డబ్ల్యూ-2, అదే ఇద్దామని అక్క. ఈసారి అక్క మాటే విన్నాను.

చివరికి పాత కంపెనీ డబ్ల్యూ-2 వచ్చింది. ఉద్యోగి పేరుండే 'ఈ' గడిలో అక్క పేరు, పక్కన ఇంటిపేరుగా నాన్న పేరు. సిటిజన్‌షిప్ తర్వాత కూడా ఆ కంపెనీ జీతాల పుస్తకాల్లో పేరు మారలేదన్నమాట. కళ్ళద్దాలు పెట్టుకుని నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "ఇదేంట్రా, నా పేరుంది. జీతం నాదే అనుకుంటారు" అన్నారు. ఆయన సరదాగానే అన్నారు గానీ నాకు కడుపులో తిప్పింది. స్పాన్సర్ జీతం రుజువు మీద స్పాన్సర్ ఇంటిపేరు ఉండాల్సిన చోట ఎవరి కోసం స్పాన్సర్ చేస్తున్నామో ఆ మనిషి పేరు! నాలుగు అక్షరాలు దాచిపెట్టిన గొడవంతా ఒక్క గడిలో పూర్తి స్పెల్లింగుతో వచ్చి కూర్చుంది.

పేరు మార్పు చూపించే నాచురలైజేషన్ (సిటిజన్‌షిప్) సర్టిఫికెట్ కాపీ, పెళ్ళి సర్టిఫికెట్ కాపీ, ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని అక్క సంతకంతో ఒక పేజీ ఉత్తరం, వీటన్నిటినీ డబ్ల్యూ-2 వెనక చేర్చి మళ్ళీ ఎక్కించాం. రెండోసారి ఒప్పుకున్నారు. నా ఒక్క నిర్లక్ష్యానికి తొమ్మిది వారాలు పోయాయి. కంపెనీ ఆలస్యాన్ని కూడా ఇందులో కలిపాననుకోండి.

దీని గురించి నేను అప్పట్లో చెప్పని చిన్న విషయాలు ఇంకో రెండున్నాయి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు అయిదు రకాలు. అకౌంట్ ట్రాన్స్‌క్రిప్ట్ అనేదాన్ని దించి అదే అనుకుంటే బోల్తా పడతారు, మనకి కావాల్సింది రిటర్న్ ట్రాన్స్‌క్రిప్ట్. అక్క మొదట దించింది వేరేదే, నేనే గుర్తుపట్టాను, ఈ కథలో నా ఖాతాలో ఉన్న ఒకే ఒక్క మంచిపని అది. రెండోది, సమయం. ఈ-ఫైల్ చేసి రీఫండ్ వచ్చేవాళ్ళకి రెండు మూడు వారాల్లో కనిపిస్తుంది. పన్ను బాకీ ఉన్నవాళ్ళకి ఇంకా ఆలస్యమవుతుంది. 2025లో అక్కవాళ్ళు కట్టాల్సి వచ్చింది. జూలైలో అమ్మానాన్నలకి ముంబయిలో ఇంటర్వ్యూ. కొత్త సంవత్సరం ట్రాన్స్‌క్రిప్ట్ జూన్ దాకా కనిపించలేదు. ఆరుగురి లెక్క కూడా అప్పటికి 53,937కి పెరిగింది. పెరిగినది మాకు లెక్కలోది కాదు గానీ, ఆ కాగితం రాకపోతే ఎలా అని మళ్ళీ నలభై పేజీల రిటర్న్ అచ్చుతీయించాను.

జిరాక్స్ కొట్టతను అంత కట్ట చూసి, "స్పైరల్ పోడవా సార్?" అన్నాడు. వద్దన్నాను. నాన్న వేయించుకొచ్చారు. పారేయ్ పారేయ్ అని నేను ఊరంతా చెప్పిన కాగితాలన్నీ చివరికి నీలం అట్ట వేసిన లావుపాటి పుస్తకమయ్యాయి. ముంబయి కౌంటర్ దగ్గర రెండు పేజీలు ఇవ్వమంటే ఆయన ఆ స్పైరల్ తీగ విప్పుకుంటూ నిలబడ్డారట. అమ్మ చెప్పింది. కూతురు ఏం పని చేస్తుందని అడిగి, ఇంకేమీ అడగకుండా పంపించారు.

తీర్పు అడిగితే ఇలా చెప్తాను. స్పాన్సర్ విడిగా రిటర్న్ వేసేవాళ్ళైతే, లేదా భార్యాభర్తలిద్దరి ఆదాయమూ చూపించి రెండోవాళ్ళు సంతకం పెట్టడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేకపోతే, ట్రాన్స్‌క్రిప్ట్ లాంటి కాగితం ఇంకోటి లేదు. పేర్లు గందరగోళంగా ఉన్న మన కుటుంబాలకైతే మరీను. ఉమ్మడి రిటర్న్, ఒక్కరి జీతం, మధ్యలో మారిన ఉద్యోగం, ఈ మూడూ కలిస్తే మాత్రం అది సగం పనే చేస్తుంది. మా అక్కకి జీతం తప్ప వేరే ఆదాయం లేదు. సొంత వ్యాపారం ఉన్నవాళ్ళ సంగతి నా అనుభవంలో లేదు, వాళ్ళు నా మాట పట్టుకోకండి.

బావ కూడా ఈమధ్యే సిటిజన్ అయ్యాడు. విజయవాడలో ఉన్న వాళ్ళ అమ్మానాన్నల కోసం ఫైలు మొదలుపెట్టాడు. మా అమ్మానాన్నలు కూడా లెక్కలో కలిసేసరికి ఈసారి ఇంట్లో తలలు ఎక్కువయ్యాయి, అందుకని ఇద్దరి ఆదాయమూ చూపిద్దామనుకుంటున్నాడు. ఐ-864ఏ అచ్చుతీసి అక్క ముందు పెట్టాడట. "తమ్ముణ్ణి అడిగి చెప్తాను" అందట అక్క.