కమాతాలో 5,080 యెన్ల భోజనం, షింజుకులో 15,312 యెన్ల మోసం

టోక్యో వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. రోడ్డు మీద మెనూ కార్డు పట్టుకుని రమ్మని పిలిచేవాళ్ల వెంట వెళ్లకండి. ఎవరూ పిలవని చిన్న కొట్టు చూసుకుని వెళ్లండి. ఒక రాత్రి అదీ, మర్నాడు రాత్రి ఇదీ చూసొచ్చాక ఈ తేడా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు మోసం సంగతి. శనివారం సాయంత్రం షింజుకులో, బార్లు నిండిన కబుకిచో వీధుల దగ్గర, చక్కటి ఇంగ్లీషు మాట్లాడే కుర్రాడొకడు నాకూ మా ఆవిడకీ ఎదురొచ్చాడు. రెండు గంటల పాటు ఎంత తాగినా మనిషికి 2,000 యెన్లే, పైన ఏమీ ఉండదు అన్నాడు. రెట్టించి అడిగాను, అదే మాట చెప్పాడు. లిఫ్టులో పైకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. చివర్లో వచ్చిన బిల్లు 15,312 యెన్లు! వంద యెన్లు సుమారు 60 రూపాయలు అనుకున్నా, తొమ్మిది వేల పైమాటే. తాగుడుకి 4,000. అడగకుండా పెట్టిన చిన్న గిన్నెలకి 1,400. కుర్చీలకి 2,000. తప్పనిసరిగా తీసుకోవాలన్న ఐదు ప్లేట్లకి 4,200. ఆ మొత్తం మీద వారాంతం చార్జీ అని 20 శాతం, దాని మీద పన్ను 10 శాతం. ఇదేమిటని అడిగితే, అప్పటిదాకా ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి జపనీస్ తప్ప మాట్లాడలేదు. అడక్కుండా పెట్టే చిన్న గిన్నెకి మూడు నాలుగొందల యెన్లు తీసుకోవడం అక్కడి మందు హోటళ్లలో మామూలే, దానికి నేనేమీ అనను. కానీ లేదని చెప్పి గుంజడం దోపిడీ. ఆ వీధుల్లో ఇలా పిలిచేవాళ్లని నమ్మవద్దని స్పీకర్లలో చెబుతూనే ఉంటారట. తిరుగు రైల్లో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

ఆదివారం అసాకుసా గుడి, ఉయెనో పార్కు. బాగానే గడిచింది.

మా హోటల్ కమాతాలో. హనేడా విమానాశ్రయానికి దగ్గర, షింజుకుతో పోలిస్తే గదులూ చవక. టూరిస్టులు పెద్దగా కనిపించని పేట. ఆ సాయంత్రం మా బావమరిది నిషి కసాయి నుంచి వచ్చాడు. అక్కడ మనవాళ్లు, ముఖ్యంగా ఐటీ వాళ్లు, చాలామందే ఉంటారు. “బావా, నిన్నటి సంగతి మర్చిపో, ఇవాళ మంచి టోన్‌కత్సు తినిపిస్తా” అన్నాడు. టోన్‌కత్సు అంటే బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించిన పంది మాంసం ముక్క. మా ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది. తను చేపా కోడీ తింటుంది గానీ పంది మాంసం ముట్టదు. “నేను రూములో బిస్కెట్లు తింటాలే” అంది. “అక్కా, నీకు రొయ్యలుంటాయి, రా” అని వాడే బయల్దేరదీశాడు.

స్టేషన్ పడమటి వైపు ఆర్కేడ్ దాటి వెనక సందులోకి తిరిగితే కొట్టు. గుమ్మానికి గుడ్డ తెర, లోపల కౌంటర్ ముందు ఎనిమిది కుర్చీలు, పక్కన రెండు బల్లలు. వంట పెద్దాయనది, వడ్డన ఆయన భార్యది. ధరలన్నీ గోడ మీద చెక్క పలకల మీద రాసున్నాయి, పన్నుతో సహా. కొవ్వు పట్టీ ఉండే రోసు 1,400, అందులో మేలు రకం 1,900, కొవ్వు లేని హిరే 1,750.

నేను 1,900ది, బావమరిది హిరే చెప్పాం. మా ఆవిడకి రొయ్యల ఫ్రై అన్నాడు వాడు. పంది మాంసం తినదని కూడా చెప్పేసరికి పెద్దాయన చేతిలో పని ఆపేసి, తన నూనెలో పంది కొవ్వు కలుస్తుందనీ, రొయ్యలూ అందులోనే వేగుతాయనీ, ఆవిడకి అది పెట్టలేననీ అన్నారు. సెట్టుతో వచ్చే సూపు కూడా పంది మాంసంతో చేసిందే. పొటాటో సలాడ్‌లో హామ్ ఉందని ఆయన భార్య అందుకున్నారు. చెప్పకుండా ఆ 1,600 యెన్ల రొయ్యలు అమ్ముకుంటే మాకు తెలిసేదా? చెప్పారు. అంతటితో ఊరుకోకుండా, సముద్రపు నాచు, టోఫు వేసిన మామూలు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు ఆవిడ కోసం వేరే గిన్నెలో కాచి ఇచ్చారు. దానికి డబ్బు తీసుకోలేదు. అన్నం, ఊరగాయ 400, అల్లం తురుము వేసిన చల్లటి టోఫు 350. మా ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుంది. శనివారం నుంచి తను నవ్వడం అప్పుడే చూశాను.

కౌంటర్ దగ్గర కూర్చుంటే పనంతా కళ్ల ముందే. రెండు వేళ్ల మందం ముక్క. కొవ్వుకీ కండకీ మధ్య ఉండే పీచుని కత్తి మొనతో అక్కడక్కడ తెంపారు. లేకపోతే నూనెలో ముడుచుకుపోతుందట. ఉప్పు, మిరియాల పొడి, మైదా, గుడ్డు సొన, ఆ తర్వాత పాంకో. పాకెట్లలో దొరికే ఎండు పొడి కాదు, తడి ఆరని పెద్ద పెద్ద బ్రెడ్ రేకలు. వాటిని నొక్కకుండా మీద కప్పి నూనెలోకి జార్చారు. తీశాక వెంటనే కోయలేదు. జాలీ మీద నిలబెట్టి, తన వేడికి తనే లోపల మగ్గేదాకా వదిలేశారు. అన్నీ కలిపి ఇరవై నిమిషాలు పట్టింది. తొందరున్నవాళ్లు ఇలాంటి కొట్టుకి రాకూడదు.

కత్తి దిగుతుంటే పైపొర కరకరలాడింది, లోపల లేత గులాబీ రంగు. మొదటి ముక్క ఉత్త ఉప్పుతో తినమన్నాడు బావమరిది. అది సరైన సలహా. ఆ కొవ్వు తియ్యదనం సాస్ పోస్తే తెలియదు. రెండో ముక్కకి నువ్వులు నూరి, చిక్కటి సాస్ కలిపి అద్దుకున్నాను. పళ్లెం అంచున పెట్టే ఆవ ముద్దతో మాత్రం జాగ్రత్త, ముక్కుకెక్కుతుంది. మన ఇళ్లలో పంది కూర అంటే కారం, మసాలా దట్టంగా పడాల్సిందే అనుకునేవాణ్ని. మంచి మాంసానికి ఉప్పు చాలని అక్కడే ఒప్పుకున్నాను. పక్కన క్యాబేజీ సేమ్యా కంటే సన్నగా తరిగి, చల్లటి నీళ్లలో వేసి తీశారు. కొసరు అన్నం, క్యాబేజీ ఎన్నిసార్లయినా ఉచితం.

పంది మాంసం కట్లెట్ 1899లో గింజాలోని రెంగతెయ్ అనే పాత హోటల్లో మొదలైందనీ, పక్కన పచ్చి క్యాబేజీ పెట్టే అలవాటు కూడా అక్కణ్నుంచే వచ్చిందనీ చెబుతారు. ఇలా లావు ముక్క కోసి చాప్‌స్టిక్స్‌తో తినడానికి ఇవ్వడం ఆ తర్వాత ఉయెనో వైపు పెరిగింది. అక్కడి పేరున్న కొట్ల ముందు క్యూలు ఉంటాయి. నన్నడిగితే క్యూ కట్టకండి, ఇలాంటి పేట కొట్లకే వెళ్లండి.

680 యెన్ల బీరు సీసాతో కలిపి ముగ్గురికీ 5,080 అయింది. పైన నేను వంద ఉంచబోతే పెద్దావిడ సందు చివరిదాకా వెంటవచ్చి తిరిగి చేతిలో పెట్టారు. టిప్పు అక్కడ మామూలుగా తీసుకోరు. పేరు రాయవద్దని పెద్దాయన అడిగారు కాబట్టి రాయడం లేదు. కమాతాలో మంచి టోన్‌కత్సు కొట్లు ఇంకా ఉన్నాయి. పూర్తి శాకాహారులు మాత్రం వీటి జోలికి వెళ్లకండి, మామూలు మిసో సూపులోనూ చేప రసం ఉంటుంది. చేతిలో నోట్లు ఉంచుకోండి, కార్డు తీసుకోని కొట్లు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఇలాంటివి చాలావరకు మూసేస్తారు. సాయంత్రం తెరిచిన వెంటనే వెళ్తే కౌంటర్ దగ్గరే చోటు దొరుకుతుంది.