మాల తీసేశాక గెడ్డం ఎక్కడ చేయించాలి అంటే, వైజాగ్ అల్లిపురం సందులో ఓ పాత షాపు

శబరిమల నుంచి వచ్చి మాల తీశా, మండలం రోజుల గెడ్డం, ట్రిమ్మర్‌కి లొంగట్లేదు. పోయినేడాది ఇలాగే ఓ ఏసీ సెలూన్‌కి వెళ్తే 250 తీసుకుని, నున్నగా రావాలని ఎదురు కత్తి రెండుసార్లు లాగేశాడు, నాలుగో రోజుకి మెడంతా ఎర్రటి పొక్కులు. నాది ఉంగరాల వెంట్రుక, మరీ లోపలికంటా తెగితే వంకర తిరిగి మళ్ళీ చర్మంలోకే గుచ్చుకుంటుందని స్కిన్ డాక్టర్ చెప్పారు.

అందుకే ఈసారి రెండు కుర్చీల షాపు. షాపాయనకి అరవై దాటుంటాయి. కూర్చోగానే కొత్త బ్లేడు కాగితంతో సహా నిలువునా టక్కున విరిచి, సగం కత్తికి ఎక్కించి, మిగతా సగం నాకు చూపించి పక్కన పెట్టాడు. నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే హెపటైటిస్ బి, సి రెండూ రక్తంతో అంటుకునేవే, కంటికి ఆనని గాటు చాలు. బ్రష్ కూడా వేడినీళ్ళలో వేసి తీశాడు. అదేం చాదస్తం కాదండోయ్, మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రపు వెంట్రుకల షేవింగ్ బ్రష్షుల వల్ల సైనికులకి ఆంత్రాక్స్ వచ్చింది మరి.

"మెడ కాడ సుడుంది బాబూ, ఎదురు లాగితే పొక్కులొచ్చెస్తాయి" అని అడక్కుండానే వాలు మీదే గీశాడు. కబుర్లలో తెలిసింది, వాళ్ళ తాత పెళ్ళిళ్ళకి సన్నాయి వాయించేవాడట, సెగ్గడ్డలు కోసి కట్టు కట్టేవాడట, నాయనమ్మ మంత్రసాని. లండన్‌లో కూడా 1540 నుంచి 1745 దాకా మంగలి, సర్జన్ ఇద్దరిదీ ఒకటే సంఘం అని నేనంటే నమ్మలేదు, నవ్వాడు. 1850ల్లో అక్కడి డాక్టర్లు కొందరు గెడ్డం దుమ్ముని వడకడుతుంది, గొంతుకి మంచిది, పెంచండి అనేవాళ్ళు అని కూడా చెప్పా, మన వైజాగ్ బొగ్గు పొడికి పనికొస్తాదేమో గానీ తీయించుకున్నాక చెప్తే ఏం లాభం.

మైనస్ ఏంటంటే పటిక. ఒకటే ముక్క, అందరి మొహాలకీ అదే. బ్లేడు దగ్గర అంత జాగ్రత్త పడే మనిషి ఇక్కడ ఎలా వదిలేశాడో, నేను వద్దని చన్నీళ్ళతో కడిగేసుకున్నా. తువ్వాలు సంగతీ అంతే, తడి ఆరకుండానే తర్వాతి మనిషికి.

షేవింగ్ 80, వారం అయింది, ఒక్క పొక్కు లేదు. మంగళవారం సెలవు. తువ్వాలు, పటిక ఇంటి నుంచి పట్టుకెళ్ళండి, ఆయనేం అనుకోడు.