డేడో బ్లేడు సెట్టు: గాడి బాగానే పడుతుంది, షిమ్ములే ప్రాణం తీస్తాయి

డేడో సెట్టు అంటే రెండు బయటి బ్లేళ్లు, వాటి మధ్య చిప్పర్లు అనే లోపలి బ్లేళ్లు పక్కపక్కనే పేర్చి రంపం మిషనుకు బిగించి, పలకలో వెడల్పాటి గాడిని ఒకే తోపుతో తీసే సరంజామా. ముందే చెప్తున్నాను, ఈ సెట్టులో బ్లేళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. కోపమంతా వెడల్పు సరిచేయడానికి వాటి మధ్య వేసే పల్చటి రేకుల, అంటే షిమ్ముల మీదే. డబ్బా మొత్తంలో అన్నిటికన్నా చవకైన సరుకు అదే, పని మధ్యలో నన్ను ఎక్కువగా కూర్చోబెట్టిందీ అదే. వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. చేతికొచ్చిన కొత్తలో ఉండే మోజు దిగిపోయింది కాబట్టి ఇప్పుడు రాస్తే కొంత నిజం ఉంటుందని రాస్తున్నాను.

మిర్యాలగూడలో నాది చిన్న వర్క్‌షాపు. మందుల షాపులకు, కిరాణా కొట్లకు ర్యాకులు ఎక్కువ చేస్తాను. మధ్యమధ్యలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి దర్వాజలు, కిటికీ చౌకట్లు వస్తాయి. మందుల షాపు ర్యాకంటే అంతా అడ్డపలకలే. ఒక్కో నిలువు పలకకు పది పన్నెండు గాడులు పడాలి, అవన్నీ రెండో పలక మీద గాడులకు ఎదురెదురుగా రావాలి. ఇదివరకు ట్రిమ్మర్‌కు (చేత్తో పట్టుకుని గాడి తీసే చిన్న మిషనుకు) 6 ఎం.ఎం. బిట్టు పెట్టి, పట్టీ ఒకటి క్లాంపు చేసుకుని, ఒక్కో గాడిలో మూడేసి సార్లు తోలేవాణ్ణి. మూడోసారి తోలేటప్పటికి పట్టీ కాస్త కదిలితే అంతే సంగతులు. మా వాళ్లలో చాలామంది అసలు గాడే తీయరు, కింద రీపరు కొట్టి పలక పెట్టేస్తారు. లేదంటే పక్కనుంచి స్క్రూలు దించేస్తారు. సిరప్ సీసాలు వరసగా పేర్చాక ఆ స్క్రూలు ఎంతకాలం ఆగుతాయో రిపేరుకు పిలిచిన ఇళ్లలో చూశాను.

ధర గురించి నన్ను అడగకండి. సెట్టు టెక్సాస్‌లో ఉండే మా బావమరిది సూట్‌కేసులో తెచ్చాడు, ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. సొంత డబ్బు పోసి కొన్నవాడైతే ఇంకా గట్టిగా తిట్టేవాడేమో, అదీ లెక్కలో వేసుకోండి. సెట్టు 8 అంగుళాలది, షాఫ్టు రంధ్రం 5/8 అంగుళం. ఇక్కడ చాలా మిషన్లకు ఉండేది అంగుళం షాఫ్టు. హైదరాబాద్‌లో ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీ మూసేసినప్పుడు నేను తెచ్చుకున్న పాత టేబుల్ సా (బల్ల రంపం) మిషనుకు అదృష్టం కొద్దీ 5/8 షాఫ్టే ఉంది, పొడుగ్గా కూడా ఉంది. లేత్ షాపులో రంధ్రం పెద్దది చేయించుకోవచ్చు కదా అని ఒకరిద్దరు అడిగారు. నేనైతే చేయించను. ఒక్క చిప్పరు రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా గాడి అడుగు గీతలు గీతలుగా వస్తుంది. అంత వేగంలో తిరిగే ఉక్కును లెక్క తప్పి బిగించడం మంచిది కూడా కాదు.

ఇక మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. గాడి అడుగు అద్దంలా వస్తుంది. రెండు చివర్లా బయటి బ్లేళ్ల పళ్లు సన్నటి గీత ఒకటి వదులుతాయి, అది కూడా పలక చివర్లో కళ్లు దగ్గర పెట్టి చూస్తేనే కనిపిస్తుంది. ఒకే బ్లేడును వంకరగా తిప్పి వెడల్పు చేసే రకం ఒకటి ఉంది. మా మేస్త్రీ ఒకాయన దగ్గర దాన్ని చూశాను, గాడి అడుగు కొంచెం గుంటగా వస్తుంది. ఇందులో ఆ బాధ లేదు. 18 ఎం.ఎం. పలకలో మూడో వంతు, అంటే 6 ఎం.ఎం. లోతు గాడి ఒకే తోపుతో పడిపోతుంటే మొదటిసారి చూసిన మా కుర్రాడు నోరు తెరిచాడు. మామూలు బ్లేడు కోతకు ఇది ఆరింతల వెడల్పు, కాబట్టి నిదానంగా తోయాలి. సాయంత్రాలు మా లైనులో వోల్టేజీ పడిపోతుంది, అప్పుడు మోటారు మూలుగుతుంది. అందుకే గాడి పనంతా పొద్దున్నే పెట్టుకుంటాను.

అసలు గొడవ వెడల్పు దగ్గర మొదలవుతుంది. 18 ఎం.ఎం. అని అమ్మే ప్లై ఏదీ 18 ఉండదు. క్యాలిబ్రేటెడ్ (మందం సమం చేసింది) అని రాసి ఉన్న సరుకు కొంత నయం. మిగతాది ఒకే లోడులో రెండు షీట్లు రెండు మందాలుగా వస్తాయి. చిప్పర్లు మార్చి పేర్చడం వల్ల వెడల్పు పదహారో వంతు, ముప్పై రెండో వంతు అంగుళం చొప్పున పెద్ద అడుగులే వేస్తుంది. ఆ మధ్యలో మిగిలే చిల్లర తేడాను షిమ్ములే పూడ్చాలి. పలక గాడిలో చేత్తో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారకూడదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా 0.1 ఎం.ఎం. మాత్రమే.

ఒక మందుల షాపు పనిలో ఏం జరిగిందో చెప్తే నా కోపం అర్థమవుతుంది. ఓపెనింగ్ ముహూర్తం దగ్గర పడింది, ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ కూడా దిగింది, ర్యాకు ఒక్కటే బాకీ. నిలువు పలకలు కోసి అంచులు సరిచేసి పెట్టుకున్నాం. ప్లై వెర్నియర్‌లో (మందం కొలిచే సాధనంలో) 17.6 చూపించింది. రెండు బయటి బ్లేళ్లు, మూడు లావు చిప్పర్లు, ఒక సన్న చిప్పరు పేర్చితే వచ్చేది 11/16 అంగుళం, అంటే 17.46. ఇంకో 0.2 కావాలి. 0.1 షిమ్ములు రెండు వేసి బిగించి చెక్క ముక్క మీద గాడి తీస్తే 18 దాటి వచ్చింది. పలక లోపల గలగలలాడుతోంది.

సరే, ఒక షిమ్ము తీశాను. తేడా లేదు. రెండూ తీసేశాను. ఇప్పుడు 17.46 కచ్చితంగా వచ్చింది, పలక దిగనే లేదు. మళ్లీ ఒక్కటంటే ఒక్కటి 0.1 వేశాను. గాడి అర ఎం.ఎం. లావెక్కింది! 0.1 వేస్తే 0.5 ఎలా పెరుగుతుంది? ప్రతిసారీ ప్లగ్గు పీకాలి, బల్ల మీద ప్లేటు ఎత్తాలి, నట్టు విప్పాలి, చిప్పర్ల కార్బైడ్ పళ్లు ఒకదానికొకటి తగలకుండా పక్క బ్లేడు పళ్ల సందుల్లోకి తిప్పుకుంటూ మళ్లీ పేర్చాలి. బేరింగు పోయిందేమోనని షాఫ్టు పట్టుకుని ఊపి చూశాను, గట్టిగానే ఉంది. ఫెన్స్ (పలకను ఆనించి తోసే పట్టీ) వంకర పోయిందేమోనని గుణియం పెట్టి చూశాను. పలకను వాలుగా తోస్తున్నావంటూ కుర్రాడి మీద అరిచాను కూడా. ఈలోగా షాపాయన ఫోన్ మీద ఫోన్. మా నాయన అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. ఆయన జీవితమంతా ఉలితోనే గాడి తీసినవాడు. "పలకను పట్టి గాడి తియ్యాలె గానీ, గాడిని పట్టి పలకను గీకొద్దు బిడ్డా" అన్నాడు. అప్పటికి నేను నిజంగానే గాడికి తగ్గట్టు పలక అంచుకు వెనీర్ ముక్కలు అతికిద్దామా అని ఆలోచిస్తున్నాను.

చివరికి విప్పిన షిమ్మును సెల్‌ఫోన్ టార్చి కింద పెట్టి చూస్తే దొరికింది. రంధ్రం అంచున, ఒక్క పక్కనే, నెలవంకలా చిన్న మడత. షిమ్ము రంధ్రం షాఫ్టు సైజుకే ఉంది, తప్పు లేదు. కానీ బ్లేళ్లు కూర్చునే ఆ చోట షాఫ్టు మీద మర ఉంటుంది. నట్టు బిగించేలోపు ఆ పల్చటి రేకు తన బరువుకు తానే జారి రెండు మర గట్ల మధ్య సందులో కూర్చుంటుంది. పక్క నుంచి వచ్చే బ్లేడు దాన్ని అలాగే నొక్కేసి అంచు మడిచేస్తుంది. ఆ మడత ఒక్క పక్కనే ఉంటుంది కాబట్టి బ్లేడు నిటారుగా కూర్చోదు, కొద్దిగా ఊగుతూ తిరుగుతుంది. గాడి వెడల్పయ్యేది షిమ్ము మందం వల్ల కాదు, ఆ ఊగుడు వల్ల. ఒకసారి మడత పడ్డ రేకును సుత్తితో తట్టి సాపు చేసినా మళ్లీ అక్కడే మడుస్తుంది. పెట్టెలో వచ్చిన 0.1 షిమ్ములు ఎక్కువ భాగం అలాగే పాడయ్యాయి.

ఇంత మంచి కార్బైడ్ వేసి, ప్రతి బ్లేడునూ అంత శ్రద్ధగా సాన పట్టిన కంపెనీకి ఈ సంగతి తెలియదంటే నమ్మను. బ్లేడుకు అంటుకుని ఉండే అయస్కాంతపు షిమ్ములు అమెరికాలో విడిగా అమ్ముతారు. ఆ నాలుగు ముక్కలు సెట్టుతోనే ఇస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

ఆ రోజు పని గడిపింది పెండ్లి కార్డు. మాఘం, ఫాల్గుణం వస్తే మా ఇంట్లో కార్డులకు కొదవ ఉండదు. పసుపు రాసిన మూలలు వదిలేసి, మిగతా దాన్ని గుండ్రంగా కత్తిరించి, తోలుకు కన్నాలు వేసే పంచ్‌తో మధ్యలో బిర్రుగా రంధ్రం వేశాను. రంధ్రం బిర్రుగా ఉంటే కాగితం మర గట్ల మీదే ఆగుతుంది, సందులోకి జారదు. క్యాలెండర్ కాగితం ఇంచుమించు 0.1, పెండ్లి కార్డు 0.3 చిల్లర. వెర్నియర్ పెట్టి కొలిచి, మందం పెన్నుతో రాసి డబ్బాలో వేసుకున్నాను. నట్టు బిగించాక కాగితం కాస్త అణుగుతుంది, కాబట్టి కొలతను నమ్మకుండా ముక్క మీద గాడి తీసే చూడాలి. ఆ ర్యాకు కాగితపు షిమ్ములతోనే పూర్తయింది, ముహూర్తానికి అందింది. అయితే వానాకాలంలో ఇవి తేమ పీల్చి ఉబ్బుతాయి, కిందటి నెల సరిపోయిన షిమ్ము ఈ నెల సరిపోదు. రేకు షిమ్ముకు ఒక పక్క గ్రీజు చుక్క రాసి బ్లేడుకు అతికించుకోవడం ఇంకో దారి. దాంతో బ్లేడుకు పొట్టు, జిగురు పట్టి ఇంకో పని పెరుగుతుంది.

సన్‌మైకా పని చేసేవాళ్లకు ఒక మాట. మన దగ్గర పెట్టె బిగించాక సన్‌మైకా అతికించే అలవాటు ఉంది. గాడి పద్ధతిలో అది కుదరదు. నిలువు పలకకు ముందే అతికించి, ఆ తర్వాతే గాడి తీయాలి. అడ్డపలకకు పైన 1 ఎం.ఎం., కింద 0.8 లైనర్ (పల్చటి సన్‌మైకా) వేస్తే ఫెవికాల్‌తో కలిపి 19.5 వరకు పోతుంది. నా సెట్టు 20 దాటే వరకు వస్తుంది కాబట్టి సరిపోయింది, మీది ఎంతవరకు వస్తుందో చూసుకోండి. నా బయటి బ్లేళ్లకు 24 పళ్లే, సన్‌మైకా అంచు అక్కడక్కడ పెచ్చు లేస్తుంది. ముందు కత్తితో గీత గీస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఈ పనే ఎక్కువ ఉన్నవాళ్లు 42 పళ్ల రకం వెతుక్కోవడం మేలు.

నేను అనుకోని లాభం దర్వాజల్లో వచ్చింది. తలుపు కూర్చునే మెట్టు తీయడానికి ఫెన్స్‌కు ఒక చెక్క పట్టీ తొడిగి, పలకను కొంచెం కొంచెం జరుపుతూ తోస్తే వేపచెక్కలో కూడా శుభ్రంగా వచ్చేసింది. ఇక్కడ 0.1 లెక్కలు అవసరం లేదు, షిమ్ముల జోలికే పోనక్కర్లేదు. అందుకేనేమో దర్వాజ పని పెట్టుకున్నప్పుడు ఈ సెట్టు మీద నాకు ప్రేమ పుట్టుకొస్తుంది. వేప పొట్టు గొంతులో దిగితే చేదు సాయంత్రం దాకా పోదు, మాస్కు పెట్టుకోండి. టేకులో మాత్రం ధార తొందరగా పోతుంది, ఆ చెక్కలో సిలికా ఉంటుంది మరి.

ధార సంగతి వచ్చింది కాబట్టి, అడుగు అద్దంలా వస్తుందని పైన రాసింది మొదటి ఏడాది మాట. షార్పనింగ్‌కు హైదరాబాద్‌లో ఒక షాపుకు సెట్టు మొత్తం పంపాను. అన్నిటినీ ఒకే వ్యాసానికి తేవాలని చీటీ కూడా రాసి పెట్టాను. వాళ్లు చిప్పర్లను ఒక తీరుగా, బయటి బ్లేళ్లను ఒక తీరుగా అరగదీసి పంపారు. ఇప్పుడు గాడి అడుగున అంచులు కొద్దిగా ఎత్తుగా, మధ్యలో కొద్దిగా లోతుగా ఉంటోంది. ఫెవికాల్ కాస్త ఎక్కువ పడుతుంది తప్ప బలానికి లోటు లేదు, కానీ ముందటి గాడి మాత్రం కాదు. దగ్గరలో ఈ పని తెలిసినవాళ్లు లేకపోతే ధార పోయాక సెట్టు సగం విలువ పోయినట్టే.

ఇంకొకటి, డేడో బిగించినప్పుడు బ్లేడు వెనక ఉండే కత్తి రేకు, పైన గార్డు తీసేయాల్సిందే. బల్ల మీద వెడల్పు నోరున్న ప్లేటు వేరే చేసుకోవాలి. పలకను తోసే దిమ్మె లేకుండా చెయ్యి దగ్గరకు పోనీయకండి. షిమ్ములన్నీ వేసి లావుగా పేర్చినప్పుడు నట్టు మరలోకి పూర్తిగా ఎక్కిందో లేదో చూడండి. ఎక్కకపోతే ఒక చిప్పరు తగ్గించి రెండుసార్లు తోయడమే నయం. ఐరోపా రకం మిషన్లు చాలావాటికి షాఫ్టే పొట్టిగా ఉంటుంది, వాటికి ఈ సెట్టు గురించి ఆలోచించక్కర్లేదు.

నాలాగా ర్యాకుల పనే ఎక్కువగా ఉండి, 5/8 షాఫ్టు ఉండి, వెర్నియర్ పట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. నెలకు ఒకటి రెండు గాడులు తీసేవాళ్లకు ట్రిమ్మర్ చాలు. వంటింటి పని మొత్తం పీవీసీ బోర్డుతో స్క్రూల మీద చేసేవాళ్లకు ఇది దండగ. ఫ్రాయిడ్ కంపెనీ ఎస్‌డీ608 అనే రకంలో షిమ్ములే ఉండవు, డయల్ తిప్పితే ఒక్కో క్లిక్‌కు 0.004 అంగుళం, అంటే 0.1 ఎం.ఎం. చొప్పున వెడల్పు మారుతుంది. బావమరిది మళ్లీ సంక్రాంతికి వస్తానంటున్నాడు. ఈసారి డబ్బు ముందే ఇస్తానన్నాను, ఆలోపు నా షాఫ్టు పొడవు కొలిచి పంపమన్నాడు.