టాబో గోంపా: రెండు రాత్రులు, ఒక టార్చిలైటు

హిమాచల్ స్పితి లోయలో 3,280 మీటర్ల ఎత్తున ఉన్న టాబో గోంపా (బౌద్ధ మఠం) బయటినుంచి చూస్తే ఏమీ అనిపించదు. రాయలసీమ మట్టి మిద్దెల్లా చదరపు గోడలు, చదును పైకప్పులు, మధ్యలో కొన్ని స్తూపాలు. ఇదే లోయలోని కీ గోంపాలా కొండకొమ్మున కూర్చుని ఫొటోకి పోజు ఇవ్వదు. అందుకే స్పితి ముఖ్య పట్టణం కాజా నుంచి 47 కిలోమీటర్లు వచ్చి, ఇరవై నిమిషాల్లో చుట్టి, "ఇంతేనా" అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యపు రాజు యేషే ఓ హయాంలో కట్టిన ఈ మట్టిగోడల లోపల ఉన్నది, మన దేశంలో బౌద్ధ చిత్రకళ మిగిలిన అతి గొప్ప చోట్లలో ఒకటి. దాన్ని చూడటానికి ఒక పద్ధతి ఉంది.

ముందు కళ్ళ సంగతి. స్పితి ఎండ కళ్ళు జిగేలుమనిపిస్తుంది. ప్రధాన ఆలయంలో వెలుతురు పైకప్పులోని చిన్న గవాక్షం నుంచి వచ్చేది మాత్రమే. లోపలికి అడుగుపెట్టగానే నల్లటి గోడలే కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. పది నిమిషాలు ఒక పక్కన నేల మీద కూర్చోండి. మెల్లగా గోడల మీంచి మనుషులంత మట్టి విగ్రహాలు ముందుకు వస్తాయి. ముప్పైకి పైగా ఉన్న ఈ దేవతలు, మధ్యలో నాలుగు దిక్కులా చూసే వైరోచన బుద్ధుడితో కలిసి వజ్రధాతు మండలం, అంటే బౌద్ధ దేవతల లోకాన్ని చూపే పవిత్ర అమరిక. అంటే మీరు మండలాన్ని చూడటం లేదు, దాని లోపల కూర్చున్నారు.

చిన్న టార్చిలైటు తప్పనిసరి. వాడే ముందు లామాని అడగండి. ఫోన్ లైటు తెల్లగా గోడకి కొట్టి మెరుస్తుంది, రంగు తెలియదు. తక్కువ వెలుగున్న పసుపు టార్చి తెచ్చుకుని, దూరంగా నిలబడి ఏటవాలుగా వేస్తే గీతలు తేలి కనిపిస్తాయి. ఫొటోలు లోపల నిషిద్ధం, బతిమాలకండి. వీపు సంచి బయటే వదలండి. ఇరుకు ప్రదక్షిణ దారిలో సంచి గోడకి రాసుకుంటే వెయ్యేళ్ళ పూత రాలుతుంది, దాన్ని మళ్ళీ ఎవరూ గీయలేరు.

ఇక తెలుగువాళ్ళు ప్రత్యేకంగా ఆగాల్సిన చోటు. తూర్పు వాకిలి నుంచి లోపలికి వచ్చి, ఎడమవైపు నుంచి ప్రదక్షిణగా నడవండి. విగ్రహాల కింద దక్షిణపు గోడ పొడవునా సుధనుడి యాత్ర చిత్రాలు ఉంటాయి. గండవ్యూహ సూత్రం అనే మహాయాన బౌద్ధ గ్రంథంలోని కథ ఇది: జ్ఞానం కోసం ఒక యువకుడు గురువు తర్వాత గురువుని వెతుక్కుంటూ పోతాడు. అతని యాత్ర మొదలయ్యేది ధాన్యాకరంలో. అది మన ధాన్యకటకమేనని, అంటే అమరావతి, ధరణికోటలేనని చాలామంది పండితుల అభిప్రాయం. కృష్ణ ఒడ్డున మొదలైన కథ, టిబెట్ అంచున మట్టిగోడ మీద! ఉత్తరపు గోడకి వచ్చేసరికి బుద్ధుడి జీవితం మొదలవుతుంది. ప్రదక్షిణ దారి తప్పి కుడివైపు నుంచి వెళ్తే ఈ క్రమం తిరగబడుతుంది.

లోపలికి వెళ్ళే తొందరలో జనం దాటేసేది ప్రవేశ మండపం. అన్నిటికన్నా పాత చిత్రాలు అక్కడే ఉన్నాయి. ప్రధాన మందిరంలోని చిత్రాలు చాలావరకు 46 ఏళ్ళ తర్వాత, 1042లో యేషే ఓ వంశంవాడే అయిన జాంగ్‌చుబ్ ఓ చేయించిన పునరుద్ధరణ కాలానివి. రెంటినీ పక్కపక్కన పోల్చి చూడండి. చేయి తిరిగిన తీరు ఎంత మారిందో స్పష్టంగా తెలుస్తుంది.

ఆవరణలోని మిగతా ఆలయాలకి తరచూ తాళాలుంటాయి. తాళంచెవి లామా దగ్గర ఉంటుంది, మర్యాదగా అడిగితే తెరుస్తారు. మధ్యాహ్నం భోజన వేళ ఎవరూ దొరకరు, కాబట్టి ఉదయమే వెళ్ళాలి. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి గుడి వదలొద్దు. కొత్త మందిరంలో ఉదయపు ప్రార్థనకి కూర్చోవాలంటే సమయం ముందురోజు సాయంత్రమే కనుక్కోండి. ఇందుకే ఊళ్ళో రెండు రాత్రులు ఉండమనేది. గోంపా వసతిగృహం సాదాగా ఉంటుంది, చాలు.

దారి విషయంలో మాత్రం మొండిగా చెబుతాం: సిమ్లా వైపు నుంచే రండి. కల్పాలో ఒక రాత్రి (సుమారు 2,960 మీటర్లు), నాకోలో ఒక రాత్రి (3,660 మీటర్లు) ఆగితే ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడుతుంది. మనాలి నుంచి వస్తే ఒక్క రోజులోనే 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కాలి. తలనొప్పి, వాంతులు పట్టుకునేది అక్కడే. పైగా చలికాలమంతా ఆ కనుమ మూతబడుతుంది. తలనొప్పి తగ్గకపోయినా, నడక తడబడినా వెంటనే కిందికి దిగాలి. మాత్ర వేసుకుని పైకి పోకూడదు. సిమ్లా దారికీ ఒక లోపం ఉంది: జులై, ఆగస్టుల్లో కిన్నౌర్‌లో కొండచరియలు పడతాయి, నాకో దగ్గర మల్లింగ్ నాలా అనే వాగు బళ్ళని గంటల తరబడి ఆపేస్తుంది. సెప్టెంబరు మేలు, అప్పటికి టాబో ఆపిల్ పళ్ళు కోతకొస్తాయి.

రెకాంగ్‌పియో దగ్గర పొవారిలో ట్యాంకు నింపుకోండి, తర్వాత కాజా దాకా బంకు మీద ఆశ పెట్టుకోవద్దు. నగదు చేతిలో ఉంచుకోండి. భోజనం థుక్పా (టిబెటన్ నూడుల్స్ సూపు), మోమో, రాజ్మా అన్నం. ఈ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల లోపే మరుగుతాయి, అన్నం పలుకుగా ఉంటే తప్పు వంటవాళ్ళది కాదు. ఊరగాయ సీసా తెచ్చుకుంటే హాయి.

కాజా వైపు వెళ్తూ కొండమీది ఢంకర్ గోంపాకి ఒక పూట ఇవ్వండి. టాబో ముందు చూసి అది తర్వాత చూస్తేనే బాగుంటుంది: ఇక్కడ గోడలకి అలవాటు పడిన కళ్ళు అక్కడ కొండనీ, లోయనీ తీరిగ్గా చూస్తాయి.