ప్లస్ టూ అయ్యాక: బరంపురమా, విశాఖపట్నమా?

ఒడిశా ప్లస్ టూ బోర్డు సి.హెచ్.ఎస్.ఇ. ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం తెలుగు ఇళ్లలో నడిచే చర్చ ఒకటే. పిల్లల్ని ఇక్కడే ప్లస్ త్రీ (డిగ్రీ)లో వేయాలా, విశాఖపట్నం పంపాలా? బంధువుల్లో సగం మంది అటుపక్కే ఉంటారు. పొద్దున రైలెక్కితే చేరిపోయే ఊరు, మాట్లాడేది మన భాష. దాంతో చాలామందికి విశాఖ వేరే రాష్ట్రంలో ఉందన్న సంగతే గుర్తుండదు. దరఖాస్తులో 'లోకల్ ఏరియా' అన్న గడి దగ్గరికి వచ్చాక గుర్తొస్తుంది.

కాలేజీల మంచిచెడ్డల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే తేడా అక్కడ లేదు. పర్లాకిమిడి శ్రీకృష్ణచంద్ర గజపతి కాలేజీ 1896 నాటిది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, బరంపురం విశ్వవిద్యాలయం 1967లో మొదలయ్యాయి. ఇంజనీరింగుకు బరంపురంలో ప్రభుత్వ పరలా మహారాజా కాలేజీ ఉంది. గుణుపురంలోనూ పర్లాకిమిడిలోనూ ప్రైవేటు విశ్వవిద్యాలయాలున్నాయి. విశాఖ చుట్టూ అయితే ఏ రోడ్డు పట్టుకున్నా ఒక కాలేజీ బోర్డు కనిపిస్తుంది. హాస్టల్ భోజనం, ప్లేస్‌మెంట్లు, సీనియర్ల మాటలు అన్నీ తరవాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది, మీ అబ్బాయినో అమ్మాయినో ఏ రాష్ట్రం తన విద్యార్థిగా లెక్కలో వేసుకుంటుందన్నది. సీటు, ఫీజు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను, చివరికి ఉద్యోగం కూడా ఆ లెక్క వెంటే నడుస్తాయి.

నాలుగేళ్ల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశాలకు మూలం రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులకు, మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. స్థానికత రావాలంటే అర్హత పరీక్ష రాసిన ఏడుతో ముగిసేలా వరసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే 9, 10, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. నాలుగూ అక్కడే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పదో తరగతి దాకా రాయగడలో చదివించి ఇంటర్‌కి విశాఖలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తారు. 'ఆంధ్రా ఇంటరే కదా, లోకల్ వచ్చేసినట్టే' అనుకుంటారు. వచ్చింది రెండేళ్లు మాత్రమే. ఆంధ్రా ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని కౌన్సెలింగ్‌కి వెళ్లాక, 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు చూపమంటారు. వాటిలో ఐదు ఒడిశా బడులవే. దాంతో అదే ర్యాంకున్న పక్క పిల్లవాడికి వచ్చే సీటు వీడికి రాదు. ఆ రెండేళ్లకు కట్టిన డబ్బు కోచింగ్‌కి పనికొచ్చి ఉండొచ్చు, స్థానికతకు మాత్రం పనికిరాలేదు. నిజంగా విశాఖే లక్ష్యమైతే పంపవలసింది ఇంటర్‌కి కాదు, తొమ్మిదికి. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల్ని హాస్టల్లో వేయడం మంచిదా అన్నది వేరే ప్రశ్న. నేనైతే వేయమనను.

ఇక ఆ 15 శాతం సంగతి. అది దేశంలో అందరికీ తెరిచిన తలుపు కాదు. రాష్ట్రం బయట చదివిన కాలం తీసేసి, విద్యార్థి మొత్తం పదేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నివసించి ఉండాలి. లేదంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా, రాష్ట్రం బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి, మొత్తం పదేళ్లు అక్కడ నివసించి ఉండాలి. అక్కడ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవారి పిల్లలకూ అవకాశం ఉంది.

'తల్లిదండ్రుల్లో ఒకరైనా' అన్న మాటను సరిహద్దు కుటుంబాలు సరిగ్గా చదవడం లేదు. మన సంబంధాలు ఏనాడూ రాష్ట్రాల గీత చూసి కలుపుకున్నవి కావు. తండ్రి మూడు తరాలుగా రాయగడ వాడే కావచ్చు, తల్లి పుట్టి పెరిగింది టెక్కలిలోనో పాలకొండలోనో అయి ఉంటుంది. పెళ్లికి ముందు ఆవిడ అక్కడ గడిపిన ఇరవై ఏళ్లు ఈ లెక్కకు సరిపోతాయి. అలాగే నౌపడా వైపు నుంచి జేకేపూర్ పేపరు మిల్లుకో, దామన్‌జోడి నాల్కోకో వచ్చి స్థిరపడ్డ తండ్రి చిన్ననాటి ఏళ్లూ పనికొస్తాయి. దీనికి ఆ మండల తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. దానికి ఆధారంగా తల్లి చదివిన బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి సర్టిఫికెట్టు, పుట్టింటి పాత రేషను కార్డు లాంటివి పోగుచేసుకోవాలి.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ 15 శాతంలో స్థానికులు కూడా ర్యాంకు మీద పోటీ పడతారు. కాబట్టి నాన్‌లోకల్ పిల్లవాడికి అదే కాలేజీ, అదే బ్రాంచి కావాలంటే స్థానికుడికి సరిపోయిన ర్యాంకు సరిపోదు.

ఇందులో ఏదీ వర్తించని పిల్లలకు విశాఖలో మిగిలేవి ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీట్లు, సొంత పరీక్షలతో చేర్చుకునే డీమ్డ్ విశ్వవిద్యాలయాలు. ఈ సీట్లకు ఆంధ్రా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు. 'మా బావమరిది కొడుక్కి వచ్చింది' అంటే ఆ అబ్బాయి అక్కడి కన్వీనర్ సీటు వాడు, అక్కడి రేషను కార్డు వాడు.

ఇటువైపు ఏముంది

పదో తరగతి, ప్లస్ టూ రెండూ ఒడిశాలో చదివిన పిల్లలకు ఈ పేచీలేవీ లేవు. డిగ్రీకి సామ్స్ (ఒడిశా ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్) ద్వారా, బి.టెక్‌కి జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఒడిశా వాళ్ల ఓజేఈఈ కౌన్సెలింగ్ ద్వారా నేరుగా వెళ్లొచ్చు. ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు బి.టెక్‌లో ట్యూషను ఫీజు మాఫీ సీట్లు ఉంటాయి. మంజూరైన సీట్లకు అదనంగా 5 శాతం వరకు కలిపే సీట్లివి. మన ఊళ్లలో చాలామంది ఫారంలో ఆ గడిని టిక్ చేయకుండానే వదిలేస్తారు.

కులం సర్టిఫికెట్టు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీగా ఉన్నవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ హోదాతో రిజర్వేషను అడగలేరని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. బీసీ జాబితాలూ అంతే, రాష్ట్రానికొకటి. ఆంధ్రాలో బీసీ అయిన కులం ఒడిశా ఎస్.ఇ.బి.సి. (అక్కడి వెనుకబడిన తరగతుల) జాబితాలో వేరే పేరుతో ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. ఒడిశాలో 2025-26 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల ప్రవేశాల్లో ఎస్.ఇ.బి.సి.కి 11.25 శాతం కేటాయించారు. ఎస్టీలకు 22.5, ఎస్సీలకు 16.25. కాబట్టి తాతగారి ఊరి సర్టిఫికెట్టు కాగితం చూసి ధీమాగా ఉండకుండా, మీ తహసీలు ఆఫీసు నుంచి మీ పేరు మీద సర్టిఫికెట్టు వస్తుందో రాదో ప్లస్ టూ పరీక్షలకు ముందే తేల్చుకోండి. కేంద్ర నిధులతో నడిచే ఎస్సీ, ఎస్టీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మాత్రం విద్యార్థి సొంత రాష్ట్రం ఇచ్చేది. రాయగడ పిల్లవాడు బయట చదివినా దరఖాస్తు ఒడిశాకే పెట్టుకోవాలి. ఆదాయ పరిమితి 2.5 లక్షలు.

ఉద్యోగం మాట కూడా ఇప్పుడే అనుకోవాలి. ఆంధ్రాలో డిగ్రీ, బి.ఇడి. చేస్తే అక్కడి టీచర్ల నియామకం డీఎస్సీలో లోకల్ అయిపోతామన్నది మరో అపోహ. ఉద్యోగాల స్థానికతకు చూసేది పదో తరగతి దాకా ఎక్కడ చదివారన్నది. పర్లాకిమిడిలో పది రాసినవాడు పాతపట్నంలో ఎన్ని డిగ్రీలు చేసినా ఆ లెక్క మారదు. ఇటుపక్క ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా కావాలి. ఏడో తరగతిలోగానీ ఆపైనగానీ ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా ఒడిశా స్కూలు బోర్డు పెట్టే ఎం.ఇ. (మిడిల్ స్కూలు) స్థాయి ఒడియా పరీక్ష రాసుకోవాలి. తెలుగు మీడియంలోనో, ఒడియా లేని ఇంగ్లీషు మీడియంలోనో చదివిన పిల్లలు ఆ పరీక్ష డిగ్రీ రోజుల్లోనే ముగించేస్తే ఆ తరవాత ఇబ్బంది ఉండదు.

'ఒడియాలో పాఠాలు అర్థం కావు' అన్న భయం సైన్సు, కామర్సు వాళ్లకు పెద్దగా అక్కర్లేదు, పుస్తకాలూ పరీక్షలూ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆర్ట్స్‌లో క్లాసు ఎక్కువగా ఒడియాలో సాగుతుంది, ఆ మాట నిజమే. బరంపురంలో చదువుకునే తెలుగు పిల్లలు ఆ భాషను మొదటి ఏడే బజారులో పట్టేస్తారు.

మరి విశాఖ ఎవరికి?

తొమ్మిది నుంచే అటు చదివినవాళ్లకు సందేహం లేకుండా విశాఖే. తల్లి లేదా తండ్రి పదేళ్ల నివాసం చూపగలిగి, ర్యాంకు బాగా వచ్చినవాళ్లకూ అదే. బి.ఫార్మసీ లాంటి కోర్సులకు పరవాడ ఫార్మా సిటీ పక్కనే ఉండటం శిక్షణకు, ఉద్యోగానికి పనికొస్తుంది. ఆ సౌకర్యం బరంపురంలో లేదు. మిగతావాళ్లు, అంటే పదీ ప్లస్ టూ ఇక్కడే చదివి, ఇద్దరు తల్లిదండ్రులూ ఇక్కడివారే అయినవాళ్లు, మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేసి విశాఖ వెళ్లడం నాకు సబబుగా అనిపించదు. ఆ డబ్బుతో ఇక్కడ ప్రభుత్వ కాలేజీలో చదువు మొత్తం పూర్తవుతుంది, చేతిలో ఇంకా మిగులుతుంది.

మూడో దారి ఒకటుంది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. కొరాపుట్‌లో ఒడిశా కేంద్ర విశ్వవిద్యాలయం, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మనకు దగ్గరివే. లోకల్ గొడవ లేదు. ఓబీసీకి అక్కడ కేంద్ర జాబితా చూస్తారు. దూరవిద్యను ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు వదిలేద్దాం.

కాగితాల దగ్గర జరిగే తప్పులు

రెండు వైపులా దరఖాస్తు పెట్టడంలో తప్పు లేదు, చాలామంది పెట్టాలి కూడా. చిక్కొచ్చేది ఒరిజినల్స్ దగ్గర. సామ్స్‌లో మొదటి జాబితాలో సీటు వచ్చి చేరితే ఒరిజినల్ సి.ఎల్.సి. (కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్టు) ఆ కాలేజీలో ఉండిపోతుంది. మీ ఆప్షన్లలో అంతకంటే ముందు రాసిన కాలేజీకి మారడానికి స్లైడ్ అప్ పెట్టుకోవచ్చు, అది ఒడిశా లోపలి వ్యవహారం కాబట్టి ఇబ్బంది లేదు. ఆంధ్రాలో సీటు వస్తే మాత్రం ఆ సి.ఎల్.సి. వెనక్కి తీసుకోవాలి. దానికి తోడు సి.హెచ్.ఎస్.ఇ. మైగ్రేషన్ సర్టిఫికెట్టు కావాలి, అందుకు విడిగా దరఖాస్తు చేయాలి. ఇక ఆప్షన్ల వరస. సామ్స్ మీరిచ్చిన క్రమాన్నే నమ్ముతుంది. ఇంటి దగ్గరుందని ఇష్టం లేని కాలేజీని మొదట రాస్తే, మార్కులున్నా అదే వస్తుంది.

ఈఏపీసెట్ ఇంజనీరింగు ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులది. ఆంధ్రా బోర్డు పిల్లల మార్కులు ఈఏపీసెట్ నిర్వాహకులకు వాటంతటవే చేరతాయి. సి.హెచ్.ఎస్.ఇ. వంటి ఇతర బోర్డుల వాళ్లు తమ మార్కులను డిక్లరేషన్ ద్వారా విడిగా పంపాలి. పంపకపోతే పరీక్ష ఎంత బాగా రాసినా ర్యాంకు ఇవ్వరు. 'ర్యాంకు కార్డు రాలేదు' అని గాభరా పడేవాళ్లలో చాలామంది కథ ఇదే.

మరొకటి మన ఇంటిపేర్ల తంటా. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా బడుల్లో దాన్ని చివర రాస్తారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక వరస, ఆధార్‌లో ఇంకో వరస, కులం సర్టిఫికెట్లో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే. మూడూ మూడు రకాలుగా ఉంటే ధ్రువపత్రాల పరిశీలన దగ్గర ఆగిపోతారు. దిద్దించుకోవలసింది ఆధార్‌నీ తహసీలు కాగితాలనీ. పదో తరగతి సర్టిఫికెట్టు ఎలా ఉంటే మిగతావి దానికి సరిపోయేలా మార్చుకోవడం తేలిక, దాన్ని మార్చడం మాత్రం ఏళ్ల పని.

తల్లి స్టడీ సర్టిఫికెట్ల కోసం టెక్కలి వెళ్లవలసినవాళ్లు ఫలితాల దాకా ఆగొద్దు. ఏప్రిల్ చివరి వారంలో అక్కడ బడులు మూసేస్తే జూన్ రెండో వారం దాకా తెరవరు. పాత రిజిస్టర్లు హెడ్మాస్టరు బీరువాలో ఉంటాయి, ఆ తాళం ఆయన దగ్గర ఉంటుంది.