డాష్‌హండ్ నడుము దెబ్బకు కంచె, హార్నెస్: 14 నెలల వాడకం తర్వాత

మా బంటీ ఆరేళ్ల డాష్‌హండ్. నిరుడు శ్రావణంలో సోఫా మీద నుంచి దూకిన మరునాడు పొద్దున వెనక కాళ్లు తడబడ్డాయి. మధ్యాహ్నానికి వాటిని నేల మీద ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఈ జాతి కుక్కల్లో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడతాయి, ఒక్కోసారి చిట్లి వెన్నుపామును నొక్కుతాయి. కాలివేళ్లను గట్టిగా నొక్కినప్పుడు వాడికి నొప్పి తెలుస్తోంది కాబట్టి ఆపరేషన్ లేకుండా ప్రయత్నించవచ్చని చెప్పి, డాక్టరుగారు ఆరు వారాలు కదలనివ్వవద్దన్నారు. ఆ రోజు కొన్నవి రెండు: ఇనుప కడ్డీల మడత కంచె, నడుమును ఎత్తిపట్టే హార్నెస్.

మొదట కంచె గురించే చెప్పాలి, ఎందుకంటే బంటీని నిలబెట్టింది అదేనని నా నమ్మకం. "నోరులేని జీవాన్ని అలా బంధిస్తే పాపంరా" అని అమ్మ రోజూ బాధపడేది. కానీ అసలు పరీక్ష రెండో వారంలో వచ్చింది. మాత్రలతో నొప్పి తగ్గగానే వాడు తనకు నయమైపోయిందనుకుని పరుగెత్తబోయాడు. లోపల డిస్కు మాత్రం ఇంకా మానలేదు. ఎనిమిది పలకల కంచెను పూర్తిగా విప్పితే గది సగం ఆక్రమిస్తుంది, అంత చోటు ఇస్తే విశ్రాంతికి అర్థం ఉండదు. అందుకే నాలుగు పలకలే వాడి, లేచి నిలబడి వెనుదిరగడానికి సరిపడా చోటు మాత్రమే ఉంచి, నున్నటి టైల్స్ మీద కాలు జారకుండా అడుగున యోగా మ్యాట్ పరిచాను.

హార్నెస్ విషయంలో తొలి వారాలు నిరాశే మిగిలింది. దాని పొట్ట పట్టీ మగ కుక్కకు సరిగ్గా మూత్రం పడే చోటే వస్తుంది. మూత్రాశయాన్ని మేమే చేత్తో నొక్కి ఖాళీ చేయించిన ఆ పది రోజుల్లో పట్టీ ఎప్పుడూ తడిగానే ఉండేది, ఆ తడి నైలాను ఒరుసుకుని తొడల లోపలివైపు చర్మం ఎర్రగా కందిపోయింది. అప్పుడు అమ్మే తన పాత నేత చీరను చింపి, నాలుగు మడతలు వేసి, పొట్ట కింద ఊయలలా పట్టుకోవడం చూపించింది. తడిసిన ముక్కను ఉతికి ఆరేసి, ఆరిన ముక్క తీసుకునేవాళ్లం. కందిన చర్మం వారంలో మానింది. లేవలేని దశలో ఉన్న మగ కుక్కకు ఈ హార్నెస్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

ఏడో వారం నుంచి అదే హార్నెస్ ఎంతో ఉపయోగపడింది. మొదట్లో రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు నడిపించేవాణ్ని. పిడిని పైకి లాగకూడదు, వాడు పక్కకు ఒరిగినప్పుడు ఆపుకునేంత బిగువు చాలు. ఎక్కువ ఎత్తితే నడుము వంగుతుంది. కుట్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, వెల్క్రో మాత్రం ఎనిమిదో నెలకే వెంట్రుకలు పట్టి ఊడిపోసాగింది.

పాదం ఎలా ఉందో వాడికి తెలిసి తనే సరిచేసుకుంటాడేమో చూడటానికి, రోజూ రాత్రి వాడి వెనక పాదాన్ని మెల్లగా తిప్పి, పైభాగం నేలకు ఆనేలా పెట్టేవాణ్ని. చాలా రోజులు అది అలాగే ఉండిపోయేది. తొమ్మిదో వారంలో ఒక రాత్రి కుడి పాదం వణికి, వేళ్లు విచ్చుకుని, తనంతట తానే సరిగ్గా తిరిగి నేల మీద ఆనింది. నేను అమ్మను నిద్ర లేపాను.

ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు. సోఫా ముందు వాలు బల్ల పెట్టాం, బరువు ఎనిమిదిన్నర కిలోల నుంచి ఏడుకు తగ్గించాం. మెట్లు ఎక్కవలసి వచ్చినప్పుడు మాత్రం హార్నెస్ పిడి నా చేతిలోనే ఉంటుంది.